వెర్నా ఎండబెట్టిన పాట

ఉక్కు ఫ్యాక్టరీల ఊరు హామిల్టన్‌లో, ఉత్తరపు వీధుల్లో వెర్నా సోబ్‌చాక్ అంత పిరికి మనిషి ఇంకొకరు లేరని ఆమె మొగుడు స్టాన్ అందరితోనూ అంటాడు. అనేటప్పుడు అతని మొహంలో కాస్త గర్వం కూడా కనిపిస్తుంది. వెర్నా ఆదివారం చర్చికి బయల్దేరి, పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వస్తుంది. గాలి వీచే రోజున పెద్ద వంతెన మీద కారెక్కదు. కూతురు కొనిచ్చిన కొత్త కత్తి, చాలా పదునుగా ఉందన్న నేరానికి, ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఆమె తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో బట్టీల దగ్గర పనిచేసేవాడు. వేళ కాని వేళ సైరన్ మోగిందంటే వీధిలో ఆడవాళ్లంతా చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవాళ్లు. చావు కబురు తెచ్చే ఫ్యాక్టరీ కారు ఎవరింటి ముందు ఆగుతుందా అని చూసేవాళ్లు. పక్కింటి ముందు ఆగితే, అయ్యో అనడానికి ముందు ఒక్క ఊపిరి వదిలేవాళ్లు. ఆ ఊపిరికి సిగ్గుపడటం కూడా వెర్నా అప్పుడే నేర్చుకుంది.

పెద్దయ్యాక ఊళ్లో రేడియో స్టేషన్‌లో టేపుల గది చూసుకునే పని దొరికింది. భయస్తులకు అంతకన్నా తగిన కొలువు లేదు. అయస్కాంతం దగ్గరికొస్తే టేపు మీది పాట చెరిగిపోతుంది కనక గదిలోకి వచ్చేవాళ్ల జేబులు తడిమి పంపేది. ఒకసారి సాక్షాత్తు మేనేజర్ని గుమ్మంలో నిలబెట్టి, కోటు జేబులో అయస్కాంతపు మొన స్క్రూడ్రైవర్ ఉందని లోపలికి రానివ్వలేదు. అతను మొదట మండిపడ్డాడు గానీ, ఆ గదిలోంచి ఒక్క టేపు పాడవలేదన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. స్టేషన్ మూతపడ్డాక రెండు పాత మెషీన్లు ఇంటికి తెచ్చి కింది గదిలో పెట్టుకుంది. అప్పట్నుంచీ ఊరి వాళ్ల పెళ్లిళ్లు, పాత బ్యాండ్లు, చచ్చిపోయిన తాతల ప్రసంగాలు, ఏవైనా సరే పాడైన టేపులన్నీ ఆమె దగ్గరికే వస్తాయి.

ఆ టేపుల జబ్బు ఒక్కటే. డెబ్బైల నాటి టేపు ఏళ్ల తరబడి తేమ పీల్చుకొని జిగురు కారుతుంది. అలాగే మెషీన్‌కి ఎక్కిస్తే పూత ఊడి పాట పొడిగా రాలిపోతుంది. అందుకని ముందు సన్నటి వేడిలో పూటంతా ఎండబెట్టాలి. అప్పుడు కొన్ని వారాల పాటు టేపు మాట వింటుంది. ఈ పనికి వెర్నా వాడేది పండ్లు ఎండబెట్టే గుండ్రటి యంత్రం.

"ఆపిల్ ముక్కలకని కొన్నాం దాన్ని. ఇంతవరకూ ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్న పాపాన పోలేదు" అని స్టాన్ వచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటాడు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. అంతకంటే పాతరకం టేపుకి వేడి తగలకూడదు. తగిలితే అప్పడంలా వంకర తిరిగి, ముట్టుకుంటే విరుగుతుంది. రెండింటినీ విడదీసి చూడటం తేలిక. రీలును దీపానికి ఎదురుగా పట్టుకుంటే కొత్తరకం గోడలా నల్లగా ఉంటుంది. పాతరకంలోంచి తేనె రంగు వెలుతురు కనిపిస్తుంది. వెర్నా ప్రతి రీలునీ ఆ దీపం ముందు పెట్టి, నెమ్మదిగా తిప్పి, అటు ఒకసారి ఇటు ఒకసారి చూసి గానీ యంత్రంలో పెట్టదు. అన్నేళ్లలో ఒక్క రోజు మాత్రం చూడాల్సినట్టు చూడలేదు. ఆ రోజు ఇంట్లోకి వచ్చింది లోర్న్ టాకబెరీ టేపు.

లోర్న్ టాకబెరీ అంటే ఆ ఊరికి సొంత మనిషి. ఉత్తరపు వీధుల్లో పుట్టి, రెండేళ్లు ఫ్యాక్టరీలో బొగ్గు ఎత్తి, గిటార్ పట్టుకొని బయటపడ్డాడు. పాటలు తనే రాసుకొని తనే పాడతాడు. 'రెండో షిఫ్టు' అని ఒక ఆల్బం చేశాడు. అందులోంచి మూడు పాటలు సింగిల్స్‌గా, అంటే విడి రికార్డులుగా, రేడియోకి వచ్చాయి. మొదటిది ఆల్బం పేరు పాటే. డ్రమ్ములు ఇంటి కప్పు లేపేసేవి. షిఫ్టు దిగిన మగాళ్లు బారులో బల్లలు గుద్దుతూ పాడేవాళ్లు. రెండోది 'వంతెన లేచింది'. ఓడ వచ్చి కాలువ మీది వంతెన ఎత్తినప్పుడల్లా కార్లలో ఇరుక్కున్న జనం రేడియోకి ఫోన్ చేసి అదే అడిగేవాళ్లు. మూడోది 'వాకిట్లో మంచు'. ఒక గిటారు, ఒక గొంతు, వెనక డ్రమ్ము మీద బ్రష్ రాసినట్టు సన్నటి చప్పుడు, అంతే. ఆ సింగిల్ అమ్ముడుపోలేదు. కానీ స్టాన్ ఫ్యాక్టరీలో చేతులు కాలి ఆసుపత్రిలో పడున్న ఆ చలికాలమంతా వెర్నా ఆ పాటే పెట్టుకొని కూచుంది.

*వాకిట్లో మంచు నేనెత్తను,*
*నీ అడుగులింకా దాని మీదున్నాయి.*

ఇన్నేళ్ల తర్వాత కంపెనీ ఆ ఆల్బంని మళ్లీ విడుదల చేద్దామనుకుంది. పోయిందనుకున్న అసలు టేపు లోర్న్ చెల్లెలి షెడ్డులో, హాకీ సామాను కింద దొరికింది. పెద్ద ఊళ్లో పెద్ద స్టూడియోకి పంపుదామన్నారు. లోర్న్ ఒప్పుకోలేదు. జనవరిలో ఒక పొద్దున, రీలు పెట్టెను కోటు లోపల గుండెకి హత్తుకొని, మంచులో నడుచుకుంటూ తనే వెర్నా గుమ్మంలోకి వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. మెడకి మఫ్లర్. గొంతులో ఆపరేషన్ చేశారట, పాట పోయింది, మాట గుసగుసగా మిగిలింది.

"పెద్ద స్టూడియో వాళ్లు దేనికీ భయపడరండీ. ఇలాంటివి వంద చూశాం అంటారు. నాకు భయపడే మనిషి కావాలి. ఊళ్లో అడిగితే అందరూ మీ పేరే చెప్పారు" అన్నాడు.

"సరైన కొంపకే వచ్చావు గురూ. ఇంతకంటే పిరికిది ఈ సరస్సు చుట్టూ దొరకదు" అన్నాడు స్టాన్.

వెర్నా సిగ్గుతో ఎర్రబడింది. కింది గదిలోకి తీసుకెళ్లి పెట్టె తెరిచి రీలు చేతిలోకి తీసుకుంది. ఎన్నో ఏళ్లుగా ఊళ్లో అందరి నోళ్లలో నానిన పాటలు తన చేతుల మధ్య ఉన్నాయి. ఆ పాటలు రాసిన మనిషి పక్కనే నిలబడి ఉన్నాడు. దీపం బల్లకి అవతలి కొసన ఉంది. కిటికీ ఆమెకి పక్కనే ఉంది. ఆమె రీలుని కిటికీకి ఎదురుగా ఎత్తింది. బయట మంచు సగం అద్దం దాకా పేరుకుంది, పైన ఆకాశం బూడిద రంగులో ఉంది. రీలు నల్లగానే కనిపించింది. అలా పట్టుకునే అతని వైపు తిరిగి ఒకటే మాట్లాడింది.

"మూడో పాటలో ఆ బ్రష్ చప్పుడుందే, దాన్ని గురించి నేను ఎంతమందికి చెప్పానో. డ్రమ్ములాయన అంత మెత్తగా ఎలా రాశాడో అని."

"బ్రష్షా?" లోర్న్ నవ్వాడు. ఏదో చెప్పబోయాడు.

"టీ చల్లారిపోతోంది, ఆ తర్వాత నన్ననొద్దు" అని పైనుంచి స్టాన్ కేక పెట్టాడు.

వెర్నా రీలుని యంత్రంలో పెట్టి, మూత వేసి, మీట నొక్కింది. ముగ్గురూ టీ తాగారు. మధ్యాహ్నం ఆలుగడ్డ కూరి ఉడికించిన పెరోగీ కజ్జికాయలు తిన్నారు. స్టాన్, లోర్న్ టీవీలో మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆట చూస్తూ ఎవరు ఎవరికంటే ముసలివాడో వాదించుకున్నారు. వెర్నా మధ్య మధ్య కిందికి వెళ్లి రీలు తిరగేసి వచ్చింది. ఆ పూట ఆమెకి భయం వేయలేదు. అది తనకే వింతగా అనిపించింది.

ఆట అయ్యాక లోర్న్ కిందికి వచ్చి ఆమె పక్కన స్టూలు మీద కూచున్నాడు. యంత్రం సన్నగా రొద పెడుతోంది.

"పొద్దున బ్రష్ అన్నారు చూడండి. అది బ్రష్ కాదు. మా అమ్మ కెటిల్."

"స్టూడియోలో కెటిల్ ఎక్కడిదండీ?" వెర్నా నవ్వింది.

"స్టూడియోలో తీయలేదది. అక్కడ ఎన్నిసార్లు పాడినా చచ్చిపోయిన చేపలా ఉండేది. చివరికి మా టేపు మనిషి డెజ్, పాత మెషీన్ ఒకటి వ్యాన్లో పడేసుకొని మా అమ్మ వంటింటికి వచ్చాడు. వెధవ, మెషీన్ తెచ్చాడు గానీ టేపు తేలేదు. సీటు కింద ఏదో పాత రీలుంటే దాని మీదే తీశాం. కాపీ చేస్తే ఆ గది చప్పుడు పోతుందని, ఆ ముక్కనే కోసి ఆల్బం టేపులో అతికించేశాడు. ఇది ఎవరికీ చెప్పలేదు. కంపెనీకి తెలిస్తే గొడవ చేసేవాళ్లు."

వెర్నా నవ్వు అలాగే ఉండిపోయింది. మొహం మాత్రం తెల్లబోయింది.

"పాత రీలంటే... ఎంత పాతది?"

"ఏమో. పెట్టె మీద దుమ్ము చూస్తే మా నాన్న కాలం నాటిదిలా ఉంది. ఏం?"

"ఏం లేదు" అంది వెర్నా.

యంత్రం అప్పటికి సగం పొద్దు నుంచి నడుస్తోంది. చటుక్కున మూత తీస్తే చల్లగాలి తగిలి వేడి మీదున్న టేపు ఇంకా బిగుసుకుపోతుంది. తీయకపోతే లోపల ఆ ముక్క ఎండుతూనే ఉంటుంది. ఆమె చెయ్యి వెళ్లి మీట ఆపింది. మూత తీయలేదు.

"అయిపోయిందా?"

"చల్లారాలి. మూత వేసే ఉంచాలి."

లోర్న్ తల ఊపాడు. అతనికి తొందరేం లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని, తను ఆ టేపు కోసం ఎందుకంత పట్టుబట్టాడో చెప్పడం మొదలుపెట్టాడు. పాటకి ముందు వాళ్లమ్మ ఎఫీ మాట ఒకటి అందులో ఉంది. రికార్డు ప్లేటు అచ్చు వేసేటప్పుడు దాన్ని వదిలేశారు, టేపులో మాత్రం ఉండిపోయింది.

"అమ్మ ఫొటోలు బోలెడున్నాయి. గొంతు ఇదొక్కటే. ఈమధ్య నాకది గుర్తు రావడం లేదండీ. మాటలు గుర్తున్నాయి, గొంతు రావడం లేదు. రాత్రిళ్లు అది తల్చుకుంటే భయమేస్తుంది. నా గొంతంటారా, అది పోయినా రికార్డుల్లో ఉంది. ఆవిడది ఎక్కడా లేదు."

వెర్నా వింటూ మూత వైపే చూస్తోంది. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి కారు ఎవరింటి ముందు ఆగుతుందా అని చూసిన భయమే ఇది. ఈసారి ఆ కారులో వచ్చింది తనే. అతనికి చెప్పకపోతే ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది. టేపు పాడైతే ముసలి టేపు, షెడ్డులో పడుంది, అంతే అనొచ్చు. అతను నమ్ముతాడు. కంపెనీ నమ్ముతుంది. ఊరంతా నమ్ముతుంది, ఎందుకంటే వెర్నా చేతిలో టేపు పాడవదని ఊరికి తెలుసు. ఆ అబద్ధం అంత తేలిగ్గా నాలుక చివరికి వచ్చినందుకు ఆమెకి తనంటేనే దడ పుట్టింది.

స్టాన్ టీ పట్టుకొని దిగాడు. పెళ్లాం మొహం చూసి మెట్టు మీదే ఆగాడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు."

"గురూ, మా ఆవిడ అయ్యో అమ్మో అంటోందంటే అంతా బాగున్నట్టు. ఇలా నోరు మూసుకుందంటే మాత్రం..." అని స్టాన్ నవ్వుతూ మొదలుపెట్టి, నవ్వు ఆపేశాడు. కప్పులు బల్ల మీద పెట్టి, కాలిన మచ్చలున్న చెయ్యి ఆమె భుజం మీద వేసి, అక్కడే నిలబడ్డాడు.

కిటికీ నీలంగా మారింది. యంత్రం మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. ఇక ఆగడానికి సాకు లేదు. వెర్నా మూత తీసి రీలు బయటికి తీసింది. ఈసారి బల్ల చుట్టూ తిరిగి దీపం దగ్గరికే నడిచింది. రీలు ఎత్తి పట్టుకుంది.

నల్లటి చుట్టల మధ్య, సగానికి కాస్త ఇవతల, సన్నటి ఉంగరంలా తేనె రంగు వెలుతురు.

"అబ్బ" అన్నాడు లోర్న్ దగ్గరికొచ్చి. "ఎంత బాగుందండీ. ఏమిటది?"

రీలు పడిపోతుందేమోనన్న భయంతో వెర్నా దాన్ని బల్ల మీద పెట్టింది.

"అది మీ అమ్మగారి పాట. ఆ ముక్క పాతరకం. దానికి వేడి తగలకూడదు. ఈ వెలుతురు నేను పొద్దున్నే చూడాల్సింది. దీపం దగ్గరికి వెళ్లకుండా కిటికీలో చూశాను, మీతో కబుర్లు చెబుతూ. నేనే కాల్చేశాను."

పైన ఫ్రిజ్ ఆగిన చప్పుడు వినిపించింది. లోర్న్ మఫ్లర్ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మొత్తం పోయిందా?"

"తెలీదు. ఒక్కసారి పలకొచ్చు. రెండోసారి పలకదు. మెషీన్ మీదే తెగిపోవచ్చు కూడా."

"నేను చెప్పకపోతే ఏం చేసేవాళ్లు?"

వెర్నా తల ఎత్తలేదు. "మీరు చెప్పారు కదా. చెప్పాక కూడా ఇంతసేపు నోరు విప్పలేదు నేను. అబద్ధం చెబుదామనే అనుకున్నాను."

"నాకు చాలా కోపంగా ఉందండీ. ఇంటికెళ్లాక ఇంకా వస్తుంది" అన్నాడు లోర్న్ ఆ గుసగుస గొంతుతోనే. స్టూలు మెషీన్ దగ్గరికి లాక్కున్నాడు. "పెట్టండి."

ఆమె కంప్యూటర్లో రికార్డు అయ్యేలా వైర్లు తగిలించింది. రెండుసార్లు సరిచూసింది, మూడోసారి స్టాన్ చేత చూపించింది. మొదటి పాటలు దర్జాగా నడిచాయి. 'రెండో షిఫ్టు' డ్రమ్ములకి బల్ల మీది కప్పులు అదిరాయి. అంత మంచి శబ్దాన్ని ఆ గదిలో ఎవరూ వినలేదు. ముగ్గురూ రీలు మీది ఆ అతుకు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు. వెర్నా వేలి కొసతో టేపుని, శబ్దాన్ని చదివే మెషీన్ తలకి ఆనించి పట్టుకుంది. అతుకు దాటింది. టేపు అంచులు వంకరగా లేచి ఆమె వేలి కింద గరగరలాడాయి. శబ్దం మునుగుతూ తేలుతూ వచ్చింది. కుర్చీ జరిపిన చప్పుడు. కెటిల్ రొద. ఎవరో ఆడమనిషి దగ్గింది.

"లోర్నీ, కెటిలు..."

టక్కున తెగింది.

లోర్న్ కళ్లు మూసుకొని ఉన్నాడు. తెరవలేదు. వెర్నా చప్పున మెషీన్ ఆపింది. తెగిన రెండు కొసలూ ఆమె వేళ్ల మధ్య పొట్టులా ఉన్నాయి. వాటిని అతికించాలి. బ్లేడు తీసుకుంది, మళ్లీ కింద పెట్టేసింది. చెయ్యి జారిందంటే ఏకంగా ఒక మాటే పోతుంది.

"నా వల్ల కాదు. భయంగా ఉంది" అంది.

"నేను వచ్చింది దానికే కదండీ" అన్నాడు లోర్న్. "భయపడుతూనే అతికించండి."

స్టాన్ దీపం దగ్గరికి లాగి పట్టుకున్నాడు. వెర్నా ఊపిరి బిగబట్టి, విరిగిన అంచుని అసలు కోయకుండా, కొసకి కొస చేర్చి, కింద సన్నటి టేపు ముక్క వేసి, గోటితో రుద్దింది. చాలాసేపు పట్టింది. ఆ తర్వాత మీట నొక్కకుండా, రీలుని చేత్తోనే మెల్లగా అతుకు దాకా తిప్పింది. అక్కణ్నుంచి వదిలింది.

"...ఆపనా, నీకు అడ్డమా?"

"వద్దమ్మా, ఉండనీ" అంది ఇరవయ్యేళ్ల కుర్రాడి గట్టి గొంతు.

తర్వాత గిటారు వచ్చింది. పాట మునిగి తేలుతూ, రెండు చోట్ల పూర్తిగా మాయమై, చివరి దాకా నడిచింది. తెగలేదు. లోర్న్ పెదవులు పాటతో పాటు కదిలాయి. శబ్దం రాలేదు.

కంప్యూటర్లోకి ఎక్కిన కాపీని డిస్కు మీద ఎక్కించుకొని, జేబులో పెట్టుకొని అతను వెళ్లడానికి లేచాడు. ఆ కాపీలో వాళ్లమ్మ మాట మధ్య ఒక గతుకు ఉంటుంది, ఎప్పటికీ ఉంటుంది. వెర్నా రీలుని పెట్టెలో సర్ది అతని చేతికివ్వబోయింది. అతను తీసుకోలేదు.

"అది మీ దగ్గరే ఉండనీండి. నా దగ్గరుంటే మళ్లీ వినాలనిపిస్తుంది. ఒక రోజు ఆగలేక పెట్టేస్తాను, పూర్తిగా పోతుంది. మీరైతే భయంతో ముట్టుకోరు."

"ఇంత చేశాక కూడా నన్ను నమ్ముతారా?"

"ఇప్పుడే నమ్మేది. ఇంతకు ముందు మీకు దీని భయం తెలీదు" అని అతను మంచులోకి వెళ్లిపోయాడు. అతని అడుగులు వాకిట్లో అలాగే ఉంటే, మర్నాడు స్టాన్ పార పట్టుకొని బయల్దేరాడు. వెర్నా ఎత్తనివ్వలేదు.

ఆ వసంతంలో ఆల్బం వచ్చింది. మొదట 'వాకిట్లో మంచు'నే సింగిల్‌గా వదిలారు, ఎఫీ మాటతో సహా. గతుకుని సరిచేస్తామని కంపెనీ అంటే లోర్న్ వద్దన్నాడట. రేడియోలో వచ్చినప్పుడు జనానికి ఆ గతుకు పట్టదు. వెర్నాకి మాత్రం 'కెటిలు' అన్న మాట రాగానే చేతిలో పనేదైనా ఆగిపోతుంది. తర్వాతి మాట వచ్చేదాకా ఊపిరి తీయదు. ఇప్పటికీ ఆమె పడుకోబోయే ముందు పొయ్యి చూస్తుంది, తలుపు గడియ చూస్తుంది, తర్వాత కింది గదిలోకి వెళ్లి ఆ పెట్టె మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది. తెరవదు. పెట్టె చల్లగా ఉందని నమ్మకం కుదిరాక దీపం ఆర్పి పైకొస్తుంది.